పిజ్జా స్టోన్ మీద మరకలు: ఏది తీయాలి, ఏది వదిలేయాలి

ఈ ఎపిసోడ్‌లో పిజ్జా స్టోన్ గురించి మాట్లాడుకుందాం. బేకింగ్ స్టోన్ అని కూడా అంటారు. ఓటీజీలో పెట్టి, బాగా వేడెక్కాక దాని మీద పిజ్జా, నాన్, బ్రెడ్ కాల్చుకునే రాతి పలక అన్నమాట. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఫ్లాట్లలో ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్లకి ఈ కథ బాగా తెలుసు. శుక్రవారం రాత్రి ఆర్డర్ పెట్టే బదులు ఇంట్లోనే చేసుకుందాం అని ఎవరో ఒకరు ఓటీజీ కొంటారు. దాంతోపాటు రాయి కూడా వస్తుంది.

కొన్నప్పుడు అది లేత క్రీమ్ రంగులో నీట్‌గా ఉంటుంది. మూడో పిజ్జాకి చీజ్ కారి నల్లమచ్చ పడుతుంది. ఐదో పిజ్జాకి టమాటా సాస్, నూనె కలిసి గోధుమరంగు మరకలు. రెండు నెలలకి మ్యాప్‌లా తయారవుతుంది. అప్పుడు మనకి అనిపించేది ఒక్కటే, దీన్ని మళ్లీ తెల్లగా చేయాలి. సింకులో నానబెట్టడం, డిష్‌వాష్ లిక్విడ్ పోసి స్టీల్ పీచుతో రుద్దడం, అదీ పనిచేయకపోతే బాత్రూమ్ యాసిడ్ వైపు చూడటం... ఇవన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ముందే సూటిగా చెప్పేస్తాను. రాయి మీద మరక పడటం వల్ల మీకు ఏ నష్టమూ లేదు. మరక పోగొట్టాలని చేసే పనుల వల్లే నష్టం. రాయి పగలొచ్చు, సబ్బు వాసన తిండిలోకి రావచ్చు, కొన్ని కెమికల్స్ అయితే మన ఊపిరితిత్తులకే ప్రమాదం. కాబట్టి ఏది తీయాలి, ఏది వదిలేయాలి అన్న తేడా తెలిస్తే చాలు. మిగతా పని పది నిమిషాలదే.

మరక ఎందుకు పడుతుంది?

ఈ రాయి చేసే పని చూడండి. పిజ్జా పిండిలో నీళ్లు ఉంటాయి. మామూలు ట్రేలో పెడితే ఆ తేమ అడుగునే ఉండిపోయి, కింద మెత్తగా, సాగినట్టు తయారవుతుంది. రాయి రెండు పనులు చేస్తుంది. ఒకటి, బాగా వేడిని దాచుకుని పిండి తగలగానే ఒక్కసారిగా ఇస్తుంది. రెండు, దాని ఒంట్లో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి, అడుగున ఉన్న తేమని కొంత పీల్చుకుంటుంది. అందుకే అడుగు కరకరలాడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. తేమని పీల్చే రంధ్రాలు నూనెని ఎందుకు వదులుతాయి? చీజ్‌లోంచి కారిన కొవ్వుని, సాస్ రంగుని కూడా అవి పీల్చుకుంటాయి. 230, 250 డిగ్రీల వేడిలో అవి అక్కడే మాడి నల్లబడతాయి. అంటే ఏ గుణం కోసం మనం రాయి కొన్నామో, ఆ గుణమే మరకకి కారణం. రాయి పాడైందని కాదు, వాడుతున్నామని అర్థం.

పాతబస్తీలో పురానీ హవేలీ వైపు వెళ్తే నాలుగు మూలల నాన్, చార్ కోని నాన్ అంటారు కదా, అది కాల్చే మట్టి తందూర్లు చూడొచ్చు. తందూరు లోపలి గోడ ఎవరైనా సబ్బు పెట్టి కడుగుతారా? కడగరు. మంటే దాన్ని శుభ్రం చేస్తుంది. మన ఓటీజీలో ఉన్న రాయిది కూడా అదే జాతి, సైజు చిన్నది, అంతే.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రాయో చూడండి

అన్ని రాళ్లకీ ఒకే వైద్యం పనికిరాదు. బాక్స్ మీద ఒకసారి చదవండి. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి కార్డియరైట్ రాళ్లు. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికా కలిసిన ఖనిజం ఇది. ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త పియర్ లూయి కార్డియే పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. దీని గొప్పతనం ఏంటంటే, వేడెక్కినా చాలా తక్కువగా వ్యాకోచిస్తుంది. అందుకే పింగాణీ కాల్చే బట్టీల్లో అరలు దీంతో చేస్తారు. చాలా పెట్రోల్ కార్ల పొగగొట్టం లైన్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే భాగం కూడా దీంతోనే చేస్తారు. అంటే బయోడైవర్సిటీ జంక్షన్‌లో మీరు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, చుట్టూ ఉన్న కార్ల కింద మీ పిజ్జా రాయి చుట్టాలు బోలెడు ఉన్నట్టే.

రెండో రకం మామూలు సిరామిక్ రాళ్లు. కొంచెం చౌక, కొంచెం సున్నితం. మూడోది పైన గ్లేజ్ వేసినవి. కాఫీ కప్పులా నున్నగా మెరుస్తాయి. గ్లేజ్ ఉన్నదానికి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి, కంపెనీ కడగొచ్చు అని రాస్తే సబ్బుతో కడుక్కోవచ్చు. ఇవాళ చెప్పేది గ్లేజ్ లేని గరుకు రాళ్ల గురించి.

ఇంకో విషయం. పిజ్జా స్టీల్ అని ఇనుప పలక కూడా దొరుకుతుంది. అది మన దోసె పెనానికి సొంత తమ్ముడు. దాన్ని పొడిగా తుడిచి, నూనె రాసి ఉంచాలి. రాయికి మాత్రం నూనె రాయకూడదు. ఎందుకో ఇంకాసేపట్లో చెప్తాను.

ఇక మన హైదరాబాద్ స్పెషల్ ప్రశ్న. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క వాడొచ్చా? తాండూరు బండ వాడొచ్చా?

తాండూరు బండ వద్దు. అది సున్నపురాయి. నేలకి పరచడానికి బాగుంటుంది, చల్లగా ఉంటుంది. కానీ నిమ్మరసం, వెనిగర్, టమాటా లాంటి పులుపు తగిలితే దాని పైపొర తినేస్తుంది. పొరలు పొరలుగా ఉండే రాయి కాబట్టి, లోపల తేమ ఉండి వేడెక్కితే పెచ్చులు లేవొచ్చు. కడప రాయి కూడా సున్నపురాయే, దానిదీ అదే లెక్క.

గ్రానైట్ సంగతి కాస్త వేరు. పత్థర్ కా గోష్త్ మీరు తినే ఉంటారు. మసాలా పట్టించిన మటన్ ముక్కల్ని మందపాటి గ్రానైట్ బండ మీద, కింద బొగ్గుల సెగ పెట్టి కాలుస్తారు. కాబట్టి గ్రానైట్ మీద వండకూడదు అనేమీ లేదు. కానీ వంటింటి గట్టుకి వేసే గ్రానైట్ వేరు. పాలిష్ పట్టేటప్పుడు దాని పగుళ్లలో రెసిన్ నింపుతారు, పైన సీలర్ పూస్తారు. అవి గట్టు మీద ఉండటానికి చేసినవి, 250 డిగ్రీల్లో కాలి మన నోట్లోకి రావడానికి కాదు. మిగిలిన ముక్క ఫ్రీగా వచ్చింది కదా అని ఓటీజీలో పెట్టకండి.

మరక వేరు, మురికి వేరు

సరే, కార్డియరైట్ రాయి ఉంది, మరకలున్నాయి. ఇప్పుడు మూడు పరీక్షలు చేయండి. రాయి పూర్తిగా చల్లారాక చేయాలి.

మొదటిది, కళ్లు మూసుకుని వేలితో తడమండి. ఏమీ తగలకుండా రాయి గరుకుగానే ఉంటే, అది రంగు మాత్రమే. రంగుని వదిలేయండి. చేతికి గడ్డలా, పెచ్చులా, జిగురుగా తగిలితే, అది పైన ఉన్న పదార్థం. అది తీయాలి. ఎందుకంటే తర్వాతిసారి అది మళ్లీ మాడి పొగ వస్తుంది, పిజ్జా అడుగుకి చేదు అంటుకుంటుంది.

రెండోది, వాసన చూడండి. మాడిన రొట్టె వాసన వస్తే పర్లేదు. పాత నూనె డబ్బా వాసన, సబ్బు వాసన, తడిబట్ట ముక్కిన వాసన వస్తే పని ఉంది.

మూడోది, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. సన్నగా వెంట్రుకలాంటి గీత ఒక అంచు నుంచి లోపలికి వెళ్తోందా? అది పగులు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

మన ఇళ్లల్లో ఇది కొత్త విషయమేమీ కాదు. అమ్మమ్మ దోసె పెనం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. నల్లగా నిగనిగలాడుతుంది. దాన్ని స్టీల్ గిన్నెలా తళతళా మెరిసేలా తోమితే ఏమవుతుంది? మర్నాడు దోసె లేవదు, అమ్మమ్మ నోరు ఆగదు. రాచిప్పలో పులుసు కాచే ఇళ్లల్లో కూడా కొత్త రాచిప్పని నేరుగా పొయ్యి మీద పెట్టరు. గంజి పోసి, రోజులకి రోజులు మెల్లగా అలవాటు చేస్తారు. రాతికి తొందర పనికిరాదని వాళ్లకి తెలుసు.

సబ్బు ఎందుకు వద్దు?

స్టీల్ ప్లేటు సబ్బుని పీల్చదు, కడిగితే పోతుంది. రాయి పీలుస్తుంది. ఎంత కడిగినా లోపలికి వెళ్లిన సబ్బు నీళ్లు పూర్తిగా బయటికి రావు. తర్వాత రాయి వేడెక్కి, పైన తడి పిండి పడినప్పుడు ఆ రుచి కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. నిమ్మకాయ వాసన డిష్‌వాష్ వాడితే నిమ్మకాయ పిజ్జా తింటారన్నమాట.

ఇక యాసిడ్. బాత్రూమ్ టైల్స్ మీద మరకలు పోతున్నాయి కదా, దీని మీదా పోతాయి అనుకుంటారు. దయచేసి వద్దు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. రంధ్రాలున్న రాయిలోకి అది వెళ్లాక, దాని మీద కాల్చింది తినడం తెలివైన పని కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. యాసిడ్ పోశాక సరిగ్గా పోలేదని దాని మీద బ్లీచ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మన ఫ్లాట్లలో వంటింటి పక్కన వాష్ ఏరియా ఎంత ఇరుకో మీకు తెలుసు. అక్కడ తలుపేసుకుని ఈ రెండూ కలిపితే ఊపిరి ఆడదు, ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తుంది. ఒక చీజ్ మరక కోసం అంత అవసరమా?

ఓవెన్ క్లీనర్ స్ప్రేలు కూడా అంతే. అవి ఓవెన్ గోడలకి, రాయికి కాదు.

శుభ్రం చేసే పద్ధతి

ఇప్పుడు అసలు పని. రాయిని ఓటీజీలోనే వదిలేసి, పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రి పిజ్జా చేస్తే పొద్దున్నే చూడండి. స్విచ్ ఆపిన అరగంటకి బయట చల్లగా అనిపించినా, రాయిలో వేడి దాగి ఉంటుంది. దాచుకోవడమే దాని ఉద్యోగం కదా.

చల్లారాక గడ్డకట్టిన చీజ్‌ని, పెచ్చుల్ని గీకండి. చెక్క అట్లకాడ లేదా గట్టి ప్లాస్టిక్ గీకుడు ముక్క చాలు. స్టీల్ అట్లకాడతో గీకితే రాయి మీద బూడిదరంగు గీతలు పడతాయి. చాలామంది రాయి గీరుకుపోయింది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు అరిగి అంటుకునేది స్టీలే, ఎందుకంటే కార్డియరైట్ దానికంటే గట్టిది. ప్రమాదం లేదు గానీ చూడ్డానికి బాగోదు.

తర్వాత పొడి బ్రష్‌తో మొత్తం దులపండి. నైలాన్ బ్రష్ కొత్తది ఒకటి దీనికే పెట్టుకోండి. గిన్నెలు తోమేది వాడితే అందులో ఉన్న సబ్బు రాయికి అంటుతుంది. నూటికి తొంభై సార్లు పని ఇక్కడితో అయిపోతుంది. నీళ్ల అవసరమే రాదు.

ఇంకా జిగురుగా మిగిలితే వంటసోడా తీసుకోండి. రెండు చెంచాల సోడాలో ఒక చెంచా నీళ్లు కలిపితే ముద్దలా అవుతుంది. కారకూడదు, పళ్లకి వేసుకునే పేస్టులా ఉండాలి. జిగురు ఉన్నచోట మాత్రమే రాసి, బ్రష్‌తో గుండ్రంగా రుద్దండి. వంటసోడా మెల్లగా అరగదీస్తుంది, కొంచెం క్షారగుణం ఉంది కాబట్టి జిడ్డుని వదిలిస్తుంది. తినే వస్తువే కాబట్టి కొంచెం మిగిలినా భయం లేదు. ఆ తర్వాత గట్టిగా పిండిన తడిబట్టతో రెండు మూడుసార్లు తుడిచేయండి. కుళాయి కింద పెట్టకండి, సింకులో నానబెట్టకండి.

చివరిది, ఆరబెట్టడం. దీన్నే అందరూ వదిలేస్తారు. రాయిని పడుకోబెట్టకుండా, రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టి కనీసం ఒక రోజంతా వదిలేయండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో బట్టలే ఆరవు, రాయి ఎలా ఆరుతుంది? అప్పుడు రెండు రోజులు ఇవ్వండి. ఆరాక మొదటిసారి వాడేముందు ఓటీజీలో తక్కువ వేడి మీద, ఒక 100 డిగ్రీలు అనుకోండి, అరగంట నుంచి ముప్పావుగంట ఉంచి, తర్వాత నెమ్మదిగా పెంచండి.

రాయి ఎందుకు పగులుతుంది?

ఇంత జాగ్రత్త ఎందుకు అంటారా? నీరు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. తడి ఉన్న రాయిని ఒక్కసారిగా 250 డిగ్రీల్లో పెడితే, లోపలి నీరు ఆవిరై బయటికి రావడానికి దారి వెతుక్కుంటుంది. దారి దొరక్కపోతే తనే దారి చేసుకుంటుంది. టప్ మని శబ్దం వస్తుంది, రాయి రెండు ముక్కలు.

రెండో కారణం వేడిలో తేడా. పైన చల్లటి వస్తువు పెడితే ఆ భాగం ముడుచుకుంటుంది, కింద భాగం ఇంకా వేడిగా సాగి ఉంటుంది. ఈ లాగుడులో బలహీనంగా ఉన్నచోట చీలుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన పిజ్జాని నేరుగా కాలే రాయి మీద వేయడం, వేడి రాయి మీద నీళ్లు చల్లడం, వేడి రాయిని తీసి గ్రానైట్ గట్టు మీద పెట్టడం, మూడూ ఇదే తప్పు.

దీని బలం ఎంతో మన ఊరికి బాగా తెలుసు. హైటెక్ సిటీ కూర్చున్నదే గ్రానైట్ మీద. సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రారంభమైంది గానీ, దాని కింద ఉన్న బండ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఖాజాగూడ గుట్టలకి వెళ్లినా, దుర్గం చెరువు ఒడ్డున నడిచినా, గుండ్రటి బండల మీద ఉల్లిపాయ పొరల్లా పెచ్చులు లేచి కనపడతాయి. పైన ఉన్న బరువు పోవడం, ఎండ, వాన, ఇవన్నీ కలిసి లక్షల ఏళ్లలో చేసిన పని అది. డ్రిల్లింగ్ మిషన్లు రాకముందు దక్కన్‌లో రాళ్లు కొట్టేవాళ్లు కూడా ఈ సూత్రాన్నే వాడుకున్నారు. బండ మీద మంట పెట్టి, వేడికి పైపొర సాగి లేచేలా చేసి, పలకలుగా తీసేవాళ్లు. అంతంత కొండరాయే వేడికి లేచిపోతే, మన ఓటీజీలో ఉన్న ఒకటిన్నర సెంటీమీటర్ల పలక ఎంత చెప్పండి?

అందుకే రాయిని ఎప్పుడూ చల్లటి ఓటీజీలో పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. వేడెక్కిన ఓటీజీలో చల్లటి రాయి పెట్టకూడదు. 30 నుంచి 45 నిమిషాలు వేడెక్కనివ్వండి. రాయి చుట్టూ అన్ని వైపులా కొంచెం గాలి ఆడే ఖాళీ ఉండాలి, గోడలకి తగలకూడదు. చిన్న ఓటీజీ ఉంటే దానికి తగ్గ చిన్న రాయే కొనండి.

కొన్ని ప్రత్యేక కేసులు

తెల్లటి మచ్చలు. కొంతమంది రాయికి నల్లమరకలు కాదు, తెల్లటి పొడిలాంటి మచ్చలు వస్తాయి. బూజేమో అని భయపడతారు. ఎప్పుడైనా బోరు నీళ్లతో, ట్యాంకర్ నీళ్లతో కడిగారా? మన కారిడార్‌లో చాలా అపార్ట్‌మెంట్లకి వచ్చేవి ఆ నీళ్లే. గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి మీద కట్టే తెల్ల ఉప్పు తెలుసు కదా, అదే ఇక్కడా. నీరు ఆరిపోయి అందులోని లవణాలు పైన మిగులుతాయి. పొడి బ్రష్‌తో దులిపితే చాలావరకు పోతుంది. తడిబట్ట వాడాల్సి వస్తే తాగే ఫిల్టర్ నీళ్లతో తడపండి.

పాత నూనె వాసన. రాయికి పెనంలా నూనె రాసేవాళ్లకి ఇది వస్తుంది. ఇనుము మీద నూనె పైనే పల్చగా గట్టిపడి పొరగా మారుతుంది. రాయిలో అయితే లోపలికి దిగిపోతుంది. అక్కడ సరిగ్గా కాలదు, గాలి తగిలి పాడవుతుంది, వేడి చేసిన ప్రతిసారీ పొగ వస్తుంది. దీనికి మందు ఏంటంటే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీలు తీసి, ఖాళీ రాయిని నెమ్మదిగా ఓటీజీ ఫుల్ వేడికి తీసుకెళ్లి గంటసేపు ఉంచండి. పక్కనే ఉండి చూస్తూ ఉండండి, పొగ ఎక్కువైతే ఆపేయండి. చల్లారాక గీకి, దులపండి. రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు తగ్గుతుంది. రంగు ఇంకా నల్లబడొచ్చు, పర్లేదు.

సబ్బు వాసన. ఇప్పటికే కడిగేసి ఉంటే కంగారు పడకండి. తడిబట్టతో చాలాసార్లు తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి, ఇందాక చెప్పినట్టే నెమ్మదిగా వేడి చేయండి. తర్వాత కొంచెం గోధుమపిండి ముద్ద రొట్టెలా ఒత్తి దాని మీద కాల్చి వాసన చూడండి, తినకండి. వాసన లేకపోతే రాయి మళ్లీ డ్యూటీకి రెడీ.

సెల్ఫ్ క్లీన్ బటన్. డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్ల ఓవెన్లలో ఈ బటన్ ఉంటుంది. లోపల వేడి 480 డిగ్రీల దాకా వెళ్లి అంతా బూడిద చేస్తుంది. రాయిని కూడా అందులో వదిలేస్తే తెల్లగా వస్తుందని కొందరు చేస్తారు. రాయిలో నూనె దిగి ఉంటే అది అంటుకుని మంట రావచ్చు, తలుపేమో లాక్ అయి ఉంటుంది. రాయి తీసేశాకే ఆ బటన్ నొక్కమని చెప్పండి.

మరక తక్కువ పడాలంటే

పిజ్జా అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు వదిలి చీజ్ వేయండి. సాస్ తక్కువ వేయండి. పిండి కింద బొంబాయి రవ్వ గానీ బియ్యప్పిండి గానీ పల్చగా చల్లితే అంటుకోదు, సులభంగా జారుతుంది. చల్లిన పిండి మాడి నల్లగా మిగిలితే, మధ్యలో దులపాలని చేయి పెట్టకండి, చల్లారాక చూసుకుందాం. బటర్ పేపర్ వాడేటట్టయితే అది ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చూడండి. చాలావాటికి 220 దగ్గరే హద్దు ఉంటుంది. చికెన్ ముక్కలు, పన్నీర్ టిక్కా లాంటి నూనె కారేవి నేరుగా రాయి మీద పెట్టకండి, వాటికి ట్రే ఉంది.

నలుగురు వాడే ఇంట్లో

షేరింగ్ ఫ్లాట్లో అసలు సమస్య రాయి కాదు, సమాచారం. మీకు తెలుసు, పక్క రూమ్‌లో ఉన్నవాళ్లకి తెలియదు. ఇంట్లో పనికి వచ్చే అక్క సింకు పక్కన నల్లమరకలతో రాయి కనపడితే ఏం చేస్తారు? పాపం మంచి మనసుతో సబ్బు పెట్టి తళతళా తోమేస్తారు. అందులో ఆవిడ తప్పేముంది? మురికిగా ఉన్నది తోమడమే కదా మనం అడిగింది. కాబట్టి రాయిని సింకు దగ్గర పెట్టకండి. ఓటీజీలోనే వదిలేయండి, దానికి అదే మంచి చోటు. అక్కకి ఒకసారి చెప్పండి, "అక్కా, ఇది పెనం లాంటిది, నీళ్లు తగలకూడదు, మేమే చూసుకుంటాం" అని. పెనం అంటే వెంటనే అర్థమవుతుంది. రూమ్మేట్స్‌కి వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ చాలు.

ఇల్లు మారేటప్పుడు రాయిని పాత టవల్‌లో చుట్టి, నిలువుగా నిలబెట్టి తీసుకెళ్లండి. పడుకోబెట్టి పైన కుక్కర్ పెడితే అంతే సంగతులు. ప్లాస్టిక్ కవర్లో బిగించి నెలల తరబడి అటక మీద పెట్టకండి. కొంచెం తేమ ఉన్నా బూజు పడుతుంది.

ఎప్పుడు పారేయాలి?

మరక చూసి ఎప్పుడూ పారేయకండి. వెంట్రుకవాసి పగులు కనపడితే మాత్రం వాడటం ఆపేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, 250 డిగ్రీల్లో పిజ్జాతో సహా విరిగి కింద హీటింగ్ రాడ్ మీద పడితే ఓటీజీ కూడా పోతుంది. మీరు చేత్తో పట్టుకున్నప్పుడు విరిగితే కాళ్లు కాలతాయి. పెచ్చులు లేస్తున్నా, ఇసకలాంటి పొడి రాలుతున్నా పక్కన పెట్టేయండి, పళ్ల కింద రాయి పడుతుంది. యాసిడ్ పోసిన రాయిని కూడా మళ్లీ తిండికి వాడొద్దు. బాగా వేడిచేసినా బూజు వాసన పోకపోతే దానిదీ అదే దారి. పారేసేటప్పుడు ముక్కల్ని పేపర్లో చుట్టి, చెత్త తీసుకెళ్లేవాళ్లకి చెప్పి ఇవ్వండి, అంచులు వాళ్ల చేతికి కోసుకుంటాయి.

అంతే ఫ్రెండ్స్. ఇవాళ ఇంటికెళ్లాక చల్లారిన రాయిని ఒకసారి తడిమి చూడండి. చేతికి ఏమీ తగలకపోతే, వాసన లేకపోతే, పగులు లేకపోతే, ఎంత నల్లగా ఉన్నా మీ రాయి ఆరోగ్యంగా ఉన్నట్టే. ఏదైనా తగిలితే గీకండి, దులపండి, ఆరబెట్టండి. ఈ విషయం మీ ఫ్లాట్ గ్రూప్‌లో వేయండి, ముఖ్యంగా గిన్నెలు తోమే వంతు ఇవాళ ఎవరిదో వాళ్లకి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.